చిలక ఇంట్లో అయిదు రోజులు

ఆమెకు అసహ్యం అంటే ఏమిటో తెలియదని ఆస్పత్రిలో అందరూ అనుకునేవారు. పదకొండేళ్ళుగా ల్యాబులో పని. పొద్దున ఏడింటికి తెల్లకోటు తొడుక్కుని కూర్చుంటే చాలు, జనం సంచి అడుగున దాచి, తల దించుకుని తెచ్చే డబ్బాలన్నీ ఆమె బల్ల మీదికే చేరేవి. ఉమ్మి, చీము, మూత్రం, మలం. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం అన్నం ముట్టేవారు కాదు. ఆమె మాత్రం మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, పక్క గదిలో టిఫిన్ డబ్బా విప్పుకుని సుష్టుగా తినేది. "మనిషి లోపల్నించి వచ్చిందేగా, ఆకాశంలోంచి ఊడిపడలేదుగా" అనేది.

అలాంటి మనిషి సెలవు పెట్టుకుని, మొగుణ్ణీ పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని, విమానమెక్కి ప్రాణ స్నేహితురాలింటికి వెళ్ళి, అయిదో రోజున ఆ ఇంటి మంచినీళ్ళు కూడా గొంతు దిగక లేచి వచ్చేసింది.

ఆ స్నేహితురాలిని అందరూ చిలక అనేవారు. హాస్టల్లో వచ్చిన పేరు అది. నిద్రలో కూడా మాట్లాడేది. ఆమె పక్కన పొట్టిగా, మాటా పలుకూ లేకుండా ఉండే ఈమెకు పిచ్చుక అని పేరొచ్చింది. ఇద్దరికీ ఒకే గది, ఒకే బకెట్, మంచివంటూ ఒకే జత చెప్పులు. ఒకరు బయటికి వెళితే రెండోవాళ్ళు గదిలో ఉండాల్సిందే. రెండో ఏడు పిచ్చుకకు టైఫాయిడ్ వస్తే తొమ్మిది రోజులు చిలకే కనిపెట్టుకుని ఉంది. వాంతి బేసిన్ తీసుకెళ్ళి పారబోసి, కడిగి, మళ్ళీ మంచం కింద పెట్టేది. ఆ తొమ్మిది రోజులూ చిలక పెద్దగా మాట్లాడలేదు. అదొక్కటే చాలు, ఆమెకు చిలకంటే ప్రాణం.

పెళ్ళిళ్ళయ్యాయి. చిలక మొగుడితో పరాయి దేశం వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయింది. ఫోనులో మాట్లాడుకునేవారు, మొదట్లో వారానికొకసారి, తర్వాత పుట్టినరోజులకి. ఈ మధ్యనే మళ్ళీ ఊపందుకుంది. "పిల్లల్ని తీసుకుని రావే పిచ్చుకా! పది రోజులుండి వెళ్ళండి. నాకు నిన్ను చూడాలనుందే" అని పట్టుబట్టింది చిలక. చిలక కూతురు చిట్టి పేరు మీద ఏదో వీడియోల ఛానల్ నడుపుతున్నారని తెలుసు. ఒకటి రెండు చూసింది కూడా. ముచ్చటగానే అనిపించింది. ఈ రోజుల్లో ఎవరు తీసుకోవడం లేదు ఫొటోలు?

ఆమె భర్త బళ్ళో లెక్కల మాస్టారు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. చిన్నవాడు బుడ్డోడికి అయిదు. విమానం దిగి, సామాను బండి తోసుకుంటూ అద్దాల తలుపుల్లోంచి బయటికి రాగానే చిలక కేక వేసుకుంటూ పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. ఆమెకు కళ్ళు చెమర్చాయి. చిలక ఒంట్లోంచి అదే పాత వాసన, తలనూనె వాసన. తొమ్మిదేళ్ళు ఎటు పోయాయో!

"అబ్బా, సరిగ్గా పడలేదే" అన్నాడు వెనక నుంచి చిలక మొగుడు. చేతిలో కెమెరా ఉంది. "మధ్యలో ఎవడో లావుపాటాయన అడ్డొచ్చాడు. మళ్ళీ ఒకసారి."

"ఒసేయ్, లోపలికెళ్ళి మళ్ళీ రావే. ఒక్కసారే!" అంది చిలక కన్నీళ్ళు తుడుచుకోకుండానే.

వాళ్ళు నలుగురూ బండి వెనక్కి తిప్పుకుని, ఎదురొచ్చే జనాన్ని తప్పించుకుంటూ తలుపుల దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చారు. పిల్లలకు నవ్వాటగా ఉంది. మాస్టారు జుట్టు సవరించుకున్నాడు. చిలక మళ్ళీ కేక వేసుకుంటూ వచ్చి వాటేసుకుంది. ఈసారి ఆమెకు ఏడుపు రాలేదు. కానీ వచ్చినట్టు మొహం పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియలేదు. కార్లో కూర్చున్నాక ఆ సంగతి గుర్తొచ్చి లోపల ఎక్కడో చిన్న గీత పడినట్టయింది. పోనీలే, దాని సరదా అనుకుంది.

ఇల్లు చూడగానే పిల్లలు నోళ్ళు తెరిచారు. హాలంతా తెలుపు. తెల్ల సోఫా, తెల్ల పరదాలు, మూల పచ్చటి మొక్కలు, రెండు వైపులా పొడుగు కాళ్ళ మీద పెద్ద దీపాలు. బుడ్డోడు పరుగెత్తి మొక్క ఆకు పట్టుకున్నాడు. ప్లాస్టిక్. హాలు దాటి తలుపు తోసుకుని లోపలికి వెళితే అది వేరే ఇల్లు. వాళ్ళకిచ్చిన గదిలో గోడల వెంబడి విప్పని అట్టపెట్టెలు, విప్పి వదిలేసిన అట్టపెట్టెలు. పరుపు మీద దుప్పటి జిడ్డుగా, ఎవరో తల ఆనించిన మరకతో ఉంది. స్నానాల గది గోడలు బూజుతో నల్లబడి, నీళ్ళు పోయే చోట జుట్టు ఉండగా చుట్టుకుని ఉంది. పైన పటారం, లోన లొటారం.

అప్పుడు కూడా ఆమెకు అసహ్యం వేయలేదు. పని ఒత్తిడిలో ఉన్నారు పాపం అనుకుంది. దుప్పటి తీసి ఉతకడానికేసింది. జుట్టు ఉండ వేలితో లాగి చెత్తబుట్టలో వేసింది.

రెండో రోజు పొద్దున పిల్లలకు పాలు కాద్దామని లోపలి వంటింట్లోకి వెళ్ళింది. హాలు పక్కన కనబడే వంటిల్లు వీడియోలకట, అసలు వంటిల్లు ఇదట. సింకు నిండా అంట్లు. పైవేమో నిన్నటివి, కిందవి ఎప్పటివో. గిన్నె అడుగున తెల్లటి నూగు లేచింది. చిన్న చిన్న ఈగలు గుంపుగా లేచి మళ్ళీ వాలాయి. చేతులు పైకి మడుచుకుని, పీచు అందుకుని, కొళాయి తిప్పింది.

"అయ్యయ్యో, ముట్టుకోకే!" చిలక పరుగెత్తుకొచ్చి కొళాయి కట్టేసింది. "శనివారం దాకా అలాగే ఉండాలి."

"అదేంటే?"

"ఇల్లు శుభ్రం చేసే వీడియో ఉంది. ముందెలా ఉందో, తర్వాతెలా ఉందో చూపిస్తాం. ఎంత ఛండాలంగా ఉంటే అంత మంది చూస్తారు. ఇంకా పేరుకోవాలి. పాలు కావాలంటే మైక్రోవేవులో పెట్టుకో, సరేనా?"

ఆమె తడిచేతులతో నిలబడిపోయింది. మురికి ఆమెకు కొత్త కాదు. కానీ ప్రతి మురికీ కడిగేయడానికే ఉంటుందని ఆమె నమ్మకం. మురికిని పెరుగు తోడుపెట్టినట్టు తోడుపెట్టి, తోడుకుందా లేదా అని చూసుకునేవాళ్ళను ఆమె ఎన్నడూ చూడలేదు. మొదటిసారి గొంతులో ఏదో కదిలింది. గుటక వేసి మింగేసింది.

మాస్టారితో చెబితే నవ్వాడు. ఆయన వాలకం అప్పటికే మారింది. ముందు రోజు సాయంత్రం వేళ్ళ మీద తొమ్మిదో ఎక్కం చెప్పే చిట్కా ఏదో సరదాగా చూపిస్తే చిలక మొగుడు దాన్ని తీసి పెట్టాడు. తెల్లారేసరికి ముప్ఫై వేల మంది చూశారట. ఇరవై రెండేళ్ళుగా నలభై మంది పిల్లల చేత కూడా ఆ ఎక్కం చెప్పించలేకపోయిన మనిషి పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, రెండు చొక్కాలు మంచం మీద పరిచి "ఏది బాగుంటుందంటావ్?" అని అడిగాడు.

"చూసేవాళ్ళకి ఏదైనా ఒకటేలెండి" అంది ఆమె.

మూడో రోజు విందు. "పాత స్నేహితులు వస్తే మా ఇంట్లో ఏం వండుతామో" అనే వీడియో. పొద్దున ఎనిమిదింటికల్లా వంటలు బల్ల మీద పెట్టేశారు. కూరలు మెరవాలని పైన పచ్చి నూనె కుంచెతో పూశాడు చిలక మొగుడు. ఆవిరి రావాలని అన్నం గిన్నె వెనక బట్టలకు ఆవిరి పట్టే యంత్రం పెట్టాడు. దీపాలు వెలిగించారు. ఆ వేడికి గది పెనంలా కాలిపోయింది. పిల్లలు కొత్త బట్టలేసుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు. బుడ్డోడు ఒకసారి చెయ్యి చాపితే చిలక టక్కున ఆ చేతి మీద కొట్టింది, గట్టిగా కాదు, నవ్వుతూనే. "ఇంకా కాదు నాన్నా."

తినాల్సింది చిట్టి. చిట్టికి పన్నెండేళ్ళు దాటాయి. అయినా రెండు జడలు, బొమ్మల గౌను. ఛానల్ పెట్టినప్పుడు అయిదేళ్ళది, చూసేవాళ్ళకు ఆ పిల్లే అలవాటైపోయింది. చిట్టి చెంచాడు కూర నోట్లో పెట్టుకుని, కళ్ళు గుండ్రంగా తిప్పి, "అబ్బ! పిన్ని చేతి వంట అదుర్స్!" అంది. ఆ వంటలో పిన్ని చెయ్యి పడనే లేదు. వాళ్ళ నాన్న "మళ్ళీ" అనగానే చిట్టి వంగి, బల్ల కింద ఒళ్ళో పెట్టుకున్న గిన్నెలో నోట్లోది ఉమ్మేసింది. మళ్ళీ చెంచా. "అబ్బ! పిన్ని చేతి వంట అదుర్స్!" మళ్ళీ వంగడం, మళ్ళీ ఉమ్మడం. అదే చెంచా అదే కూర గిన్నెలోకి. ఎన్నిసార్లో ఆమె లెక్కపెట్టలేదు. పక్కనే కూర్చున్న ఆమెకు ఒళ్ళో గిన్నె కనబడుతూనే ఉంది. అంగుళం అంగుళం నిండుతోంది. ఆమె కూడా కెమెరా వైపు చూసి నవ్వుతోంది. నవ్వమన్నారు మరి.

మధ్యాహ్నం ఒంటిగంటకు దీపాలు ఆర్పారు. "రండి రండి, ఇప్పుడు తినండి!" అంటూ చిలక అవే గిన్నెల్లోంచి వడ్డించింది. కూర మీద నూనె గడ్డకట్టి పసుపచ్చ తోలులా ఉంది.

"ఇవి అయిదు గంటలుగా వేడిలో ఉన్నాయే. పిల్లలకు పెట్టొద్దు" అంది ఆమె మెల్లగా.

"నీ ల్యాబు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. రోజూ మేం తినేది ఇదే. మాకేమైనా అయిందా?"

అప్పటికే బుడ్డోడు రెండు ముద్దలు మింగేశాడు. ఆకలి మీద ఉన్నాడు పాపం. ఆమె కంచం లాగేలోపు మూడోదీ మింగాడు.

ఆ సాయంత్రమే వాడికి వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి విరేచనాలు కూడా. ఆమె ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పడుతూ నాలుగో రోజంతా పక్కనే కూర్చుంది. చిలక రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. ఒక్కసారీ నుదుటి మీద చెయ్యి వేయలేదు. "వెలుతురు చాలని గదిలో పడుకోబెట్టావేంటే, హాల్లో సోఫా మీద పడుకోబెట్టొచ్చుగా" అంది.

ఆ మధ్యాహ్నం స్నానాల గదికి వెళితే తలుపు లోపల గడియ వేసి ఉంది. తట్టింది. కాసేపటికి గడియ తీసిన చప్పుడు. చిట్టి మూతపెట్టిన కమోడ్ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రొట్టె పొట్లం. నల్లటి బూజు గోడకు వీపు ఆనించి, ఉత్త రొట్టె ముక్క తుంచుకుని తింటోంది.

"ఇక్కడ తింటున్నావేంటమ్మా?"

"ఇక్కడైతే వీడియో తియ్యరు పిన్నీ" అంది చిట్టి. ఆ గొంతు వీడియోల్లో గొంతు కాదు, బొంగురుగా, పెద్దపిల్ల గొంతులా ఉంది. "మిగతా చోట్ల ఎప్పుడు మొదలెడతారో తెలీదు. నోట్లో ఉంటే ఉమ్మేయాలి."

ఆమె తొట్టి అంచు మీద కూర్చుంది. చిట్టి ఒక ముక్క తుంచి ఆమెకిచ్చింది. ఆ వాసనలో, ఆ తేమలో, ఆ రొట్టె ముక్క ఆమె నమిలి మింగింది. ఆ పిల్ల చేతిలోది కాదంటే బాధపడుతుందని. చిట్టి ఆమె వైపు చూసి, "మీ పెద్దదాన్ని కొంచెం చూసుకోండి" అంది. "ఏం?" అంటే భుజాలెగరేసి ఇంకో ముక్క తుంచుకుంది.

అయిదో రోజు బుడ్డోడు కాస్త తేరుకున్నాడు. మందూ, వాడు తినేందుకు మెత్తగా ఏమైనా తెద్దామని ఆమె, మాస్టారు వీధి చివరి దుకాణానికి వెళ్ళారు. చిలక "నేనున్నాగా, వెళ్ళి రండి" అంది. అరగంట కూడా పట్టలేదు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి హాల్లో దీపాలు వెలుగుతున్నాయి.

బుడ్డోడు తెల్ల తివాచీ మధ్యలో నిలబడి ఉన్నాడు. లాగులోనే అయిపోయింది. రెండు కాళ్ళ మీదుగా కారి మేజోళ్ళ దాకా తడిసింది. కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు గాల్లో పెట్టుకుని వెక్కిళ్ళు పెడుతున్నాడు. చిలక మొగుడు నేల మీద బోర్లా పడుకుని కెమెరా పైకెత్తి పట్టుకున్నాడు. చిలక వాడికి రెండడుగుల దూరంలో గొంతుక్కూర్చుని "అయ్యో బంగారం, ఏమైందిరా? పిన్నికి చెప్పు. అలా కాదు, ఇటు తిరిగి చెప్పు" అంటోంది.

పక్కన పెద్దది ఉంది. బల్లంత తెల్ల అట్టను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దీపం వెలుతురు తమ్ముడి మొహం మీద పడేలా మెల్లగా తిప్పుతోంది. నాలుక బయటపెట్టి, శ్రద్ధగా, బొమ్మ గీసేటప్పుడు పెట్టే మొహంతో. తల్లి వంక చూసి, "ఆగమ్మా, అడ్డు రాకు" అంది.

ఆమెకు పదకొండేళ్ళలో ఎన్నడూ ఎరగని వాంతి నోటి దాకా వచ్చింది. పిల్లవాడి లాగులోది చూసి కాదు. దాన్ని రోజూ చూస్తుంది. ఆ అట్ట చూసి.

చేతిలో సంచి వదిలేసి, తివాచీ తొక్కుకుంటూ వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. వాడి కాళ్ళు ఆమె నడుముకు చుట్టుకున్నాయి, ఆమె బట్టలన్నీ తడిసిపోయాయి. చిలక మొగుడు కెమెరా దించలేదు. "సూపర్! అలాగే, అలాగే లోపలికెళ్ళిపో చెల్లెమ్మా" అన్నాడు.

స్నానాల గదిలో వాడికి గోరువెచ్చటి నీళ్ళు పోసి, పొడి బట్టలు తొడిగి, లాగును బకెట్లో నానేసి, తనూ బట్టలు మార్చుకుని, మంచం మీద పడుకోబెట్టింది. వాడు వెక్కుతూనే నిద్రపోయాడు. అప్పుడు హాల్లోకి వచ్చింది. దీపాలు ఆర్పేశారు. చిలక కళ్ళద్దాలు పెట్టుకుని కెమెరా వెనక బొమ్మలు చూస్తోంది.

"అది తీసెయ్" అంది ఆమె.

"ఏది?"

"నా కొడుకుది. ఇప్పుడు తీసిందీ, నిన్నామొన్న తీసినవి ఉంటే అవీ. మొత్తం తీసెయ్."

"ఏంటే కోపమొచ్చిందా? మొహం మీద పువ్వు బొమ్మ పెడతాంలే. ఇది పిల్లలున్న ప్రతి ఇంట్లో జరిగేదే కదా. తల్లులు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఎంత మందికి ఉపయోగమో నీకు తెలీదు."

"వాడు ఏడుస్తుంటే రెండడుగుల దూరంలో కూర్చున్నావు. ముట్టుకోలేదు."

"ముట్టుకుంటే చేతులకి అంటుతుందని కాదే, ఫ్రేములో..." అని ఆగిపోయింది చిలక. తర్వాత గొంతు పెంచింది. "అయినా నువ్వు చెప్పడమేంటే నాకు? పొద్దుగూకులూ ఊళ్ళో వాళ్ళందరివీ ముందేసుకుని చూసేదానివి!"

"చూస్తాను. జబ్బేంటో తెలియడానికి చూస్తాను. మూతపెట్టి తెస్తారు, చూసి మళ్ళీ మూతపెట్టి పారేస్తాను. ఎవరిదో పక్కవాడికి కూడా చెప్పను. హాస్టల్లో నా బేసిన్ తొమ్మిది రోజులు ఎత్తావు. ఒక్కదాన్నైనా పిలిచి చూపించావా? అప్పుడు నీకు తెలుసే ఇదంతా. ఇప్పుడే మర్చిపోయావు."

చిలక మొహం మాడిపోయింది. చిలక మొగుడు లేచి మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "మాస్టారూ, మీరైనా చెప్పండి. చదువుకున్నవారు. పిల్లాడి వీడియోకి పెద్ద విషయం చేస్తున్నారు."

మాస్టారు అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, "మొహం కనబడకుండా చేస్తామంటున్నారు కదా... ఇన్నేళ్ళ స్నేహం..." అన్నాడు.

ఆమె ఆయన వైపు చూసింది. తిట్టలేదు. ఆ చూపుకు ఆయన భుజం మీది చెయ్యి మెల్లగా తీసేసి, నేల చూపులు చూస్తూ లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి లోపల్నించి పెట్టెల జిప్పులు లాగుతున్న చప్పుడు వినిపించింది.

"తియ్యనమ్మా" అన్నాడు చిలక మొగుడు, ఇప్పుడు నవ్వు లేకుండా. "మా ఇంట్లో, మా కెమెరాతో తీసింది. సాయంత్రం పెట్టేస్తున్నా. మంచిగా ఉన్నప్పుడు నవ్వి, ఇప్పుడు కాదంటే ఎలా?"

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. నవ్వింది నిజమే. అద్దాల తలుపుల దాకా వెనక్కి నడిచింది నిజమే. ఉమ్ముతున్న గిన్నె పక్కన పళ్ళు కనబడేలా కూర్చుంది నిజమే. పెద్దదానికి ఆ అట్ట పట్టుకోవడం ఎవరు నేర్పారు? చూపు తిప్పుకుని ఊరుకున్న తల్లి కాక?

ఎవరూ చూడనే లేదు, చిట్టి ఎప్పుడు వచ్చిందో. కెమెరా బల్ల మీదుంది. అలవాటైన చేత్తో పక్క మూత తెరిచి, తీసిన వీడియోలన్నీ ఉండే చిన్న కార్డు గోటితో లాగి, గుప్పిట్లో పెట్టుకుని స్నానాల గది వైపు నడిచింది. ఒక్క అర నిమిషం తర్వాత చిలక మొగుడు మూత తెరిచి ఉండటం చూసి పరుగెత్తాడు. వెనకే అందరూ.

చిట్టి బకెట్ పక్కన నిలబడి ఉంది. "అందులో వేశా" అంది.

బకెట్లో బుడ్డోడి లాగు, మేజోళ్ళు నానుతున్నాయి. పైన పచ్చటి నీళ్ళు.

"తియ్యి!" అని అరిచాడు తండ్రి. చిట్టి కదలలేదు. ఆయన వంగి, చెయ్యి చాపి, వాసన తగలగానే వెనక్కి లాక్కున్నాడు. చిలక వైపు చూశాడు. చిలక ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "ఛీ, నా వల్ల కాదు" అంది. అంతసేపూ తివాచీ మీద, దీపాల కింద చూసి చూసి మురిసిపోయింది అదే.

ఇంకెప్పుడైనా అయితే నవ్వొచ్చేదేమో. ఆమె బకెట్ పట్టుకుని మొత్తం కమోడ్‌లో వంచి, లాగునూ మేజోళ్ళనూ చేత్తో పట్టుకుని, నీళ్ళు వదిలేసింది. చిలక మొగుడు చెయ్యెత్తాడు, కూతురి మీద. ఆమె బకెట్ చేతిలో ఉండగానే అడ్డం నిలబడింది.

"నన్నేం చెయ్యర్లే పిన్నీ" అంది చిట్టి వెనక నుంచి, మామూలుగా, రేపు వాన పడుతుందట అన్నట్టు. "రేపు షూటింగ్ ఉంది. మొహం మీద కనబడుతుంది."

ఎత్తిన చెయ్యి దిగిపోయింది. చిలక ఏడుస్తోంది. ఆ ఏడుపు విమానాశ్రయంలో ఏడుపులాగే ఉంది.

గంటలో వాళ్ళు ఆ ఇంట్లోంచి బయటపడ్డారు. గుమ్మం దగ్గర ఆమె చిట్టిని దగ్గరికి తీసుకుని తన ఫోన్ నంబరు చెవిలో రెండుసార్లు చెప్పింది. కాగితం మీద రాస్తే చింపేస్తారని. "గుర్తుంటుంది. డైలాగులు గుర్తుంటాయిగా నాకు" అంది చిట్టి. అంతకంటే ఏం చేయగలదు? కన్నవాళ్ళిద్దరూ నిలబడి ఉండగా పరాయి పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకురాలేదు. కానీ మెట్లు దిగుతుంటే నోట్లో ఏదో చేదు ఊరుతూనే ఉంది.

తిరుగు విమానానికి ఇంకా అయిదు రోజులుంది. ఊళ్ళో రైలు స్టేషను దగ్గర ఒక చిన్న లాడ్జిలో గది దొరికింది. పాత గది, కిటికీకి విరిగిన గొళ్ళెం, కానీ దుప్పట్లు ఉతికినవి. బుడ్డోడు రెండు రోజుల్లో కోలుకుని మంచాల మీద ఎగరడం మొదలుపెట్టాడు. మాస్టారు రెండో రోజు పొద్దున పిల్లల బట్టలు తనే ఉతికి కిటికీకి ఆరేసి, "నాది తప్పే. ముప్ఫై వేల మంది అనేసరికి మతి పోయింది" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. నెలల తర్వాత కూడా అంతకు మించి అనలేకపోయింది.

పెద్దదే లొంగలేదు. "నేను బాగా పట్టుకున్నానంది పిన్ని. పెద్దయ్యాక నాకు కెమెరా ఇస్తానంది. నువ్వే అంతా పాడు చేశావు" అని రెండు రోజులు అన్నం ముందు ముఖం తిప్పుకుంది. మూడో రోజు ఆమె కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నువ్వు బళ్ళో చెయ్యెత్తి బయటికి వెళ్తానని అడిగితే టీచర్ వెళ్ళనివ్వలేదనుకో. అందరి ముందూ అయిపోయిందనుకో. నీ పక్కన కూర్చునే అమ్మాయి ఏం చెయ్యాలి?"

పెద్దది చాలాసేపు దుప్పటి దారాలు పీకింది. "స్వెట్టర్ ఇవ్వాలి. నడుముకి కట్టుకోడానికి" అంది చివరికి. కాసేపాగి, "వాడు నా వైపే చూశాడమ్మా. అక్కా అన్నాడు. నేను కదలొద్దని చెప్పా" అంటూ ఒక్కసారిగా ఏడ్చింది. ఆమె ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చింది.

ఇంటికి తిరిగొచ్చిన వారానికి చిలక కొత్త వీడియో పెట్టింది. తెల్ల సోఫాలో కూర్చుని, ముక్కు ఎర్రబడేలా ఏడుస్తూ, ప్రాణ స్నేహితురాలు తన ఇంటికొచ్చి, తిని, తన కష్టాన్ని నీళ్ళపాలు చేసి వెళ్ళిన సంగతి చెప్పుకుంది. కింద వేల మంది ఓదార్పులు. ఆస్పత్రిలో ఒక నర్సు చూసి, "ఇది మీ గురించేనా?" అని అడిగింది. ఆమె "అవును" అని ఊరుకుంది. మాస్టారు కింద రాసినవన్నీ చదివి పళ్ళు కొరుకుతుంటే, "కక్కిన కూడు కెలుకుతారేంటి, మూసేయండి" అంది.

చిట్టి దగ్గర్నుంచి ఫోను రాలేదు. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం చిలక చేసింది. తీయాలా వద్దా అనుకుంటూనే తీసింది.

"పిచ్చుకా" అంది చిలక. గొంతులో ఎప్పటి హుషారూ లేదు. "చిట్టి నాతో మాట్లాడ్డం మానేసిందే. నెల్లాళ్ళయింది. కెమెరా ముందైతే మాట్లాడుతుంది, ఆపగానే మానేస్తుంది. ఏం చెయ్యనే? నాకెవరూ లేరే అడగడానికి."

ఆమె ఏదో చెప్పబోయింది. ఆ క్షణంలోనే అవతలి వైపు చెవి రిక్కించి విన్నది. చిన్న చప్పుడు. కుర్చీ జరిగిందా? ఎవరైనా ఊపిరి తీశారా?

"రికార్డు చేస్తున్నావా?" అంది.

"లేదే! ఒట్టు. ఒక్కదాన్నే ఉన్నా."

నిజమే కావచ్చు. ఒక తల్లి ఏడుపు అది, నిజంగా నిజమే కావచ్చు. ఆమెకు తెలియలేదు. ఎంత విన్నా తెలియలేదు. "కెమెరాలు తీసేయ్. ఆ పిల్ల ఏం తింటోందో పక్కన కూర్చుని చూడు" అని మాత్రం చెప్పి, అవతలి వైపు నుంచి జవాబు వచ్చేలోపు పెట్టేసింది. ఆ రెండు ముక్కలు చెప్పేటప్పుడు కూడా, ఎవరైనా వింటే బాగుండాలని మాటలు ఏరుకుంది. అది తెలిసి తన మీద తనకే రోత పుట్టింది.

లోపల్నించి బుడ్డోడు ఆకలి అని పిలిచాడు. ఆమె లేచి వెళ్ళి అన్నం కలిపింది.